కుక్కతో చెరువు పక్కన టెంటు – మూడో పాఠం: చోటు చూసుకోవడం

పోయిన పాఠంలో టెంటు కట్టడం, కుక్కకి యాంటీ రేబిస్ టీకా, గోమార్ల మందు సంగతి చూశాం. ఇప్పుడు అసలు పని, చోటు వెతకడం. మామిడి పూత పిందె కట్టే ఈ రోజుల్లో విజయవాడ చుట్టుపక్కల రాత్రుళ్లు టెంటులో హాయిగా నిద్రపడుతుంది. మధ్యాహ్నం ఎండ మాత్రం అప్పటికే చురుక్కుమంటుంది.

ముందు వెళ్లకూడని చోట్లు చెబుతాను. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. ఈ రెండు చోట్లకీ కుక్కని తీసుకెళ్లకండి. కొండవీడు కొండమీది చెరువులు చూడముచ్చటగా ఉంటాయి గానీ, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండాలనుకోవద్దు. ఊరి మంచినీళ్ల చెరువైతే కుక్కని గట్టు కూడా ఎక్కనివ్వకండి. అవి జనం తాగే నీళ్లు.

కైకలూరు వైపు చేపల చెరువులు పగలు ప్రశాంతంగానే కనిపిస్తాయి. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి కొన్ని చెరువుల్లో తెల్లవారేదాకా ఏరేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిప్పుతుంటారు. ఆ హోరులో మనిషికే నిద్ర ఉండదు. అందుకే నేను మైలవరం, తిరువూరు వైపు మెట్టలోని వానచెరువులే చూడమంటాను.

చెరువు దగ్గరికి చేరాక చాలామంది తాము నిలబడ్డ ఒడ్డునే చూస్తారు. మీరు ఎదుటి ఒడ్డు చూడండి. పొద్దుగూకాక నీటిని ఆనుకున్న గాలి త్వరగా చల్లబడుతుంది, పైగాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి నీటి మీదుగా చాలా దూరం వస్తుంది. అవతల గుడి మైకు గానీ, ధాబా గానీ, పశువుల పాక దగ్గర నాలుగు ఊరకుక్కలు గానీ ఉంటే పగలు ఏమీ వినపడదు. రాత్రయితే అదంతా మీ టెంటులోనే ఉన్నట్టుంటుంది. మీ కుక్క వాటికి జవాబు చెప్పకుండా ఊరుకోదు. కాబట్టి ముందురోజే, దీపాలు పెట్టే వేళకి వెళ్లి ఓ పావుగంట మాట్లాడకుండా కూర్చోండి. అప్పుడు కుక్క చెవులు గమనించండి. అవి పదే పదే ఒకే దిక్కుకి తిరుగుతుంటే ఆ దిక్కున ఏముందో వెళ్లి చూసి రండి. చోటు ఎంత బాగున్నా సరే, ఈ పరీక్షలో తప్పితే వదిలేయండి.

టెంటు కట్ట మీద వద్దు. పొద్దున్నే జనం నడిచే దారి అది. నీళ్లు తీసిన చోట చదునుగా కనిపించే నేల కూడా వద్దు. పైన ఎండి పెళ్లలు కట్టినా మడమతో గట్టిగా తొక్కితే చెమ్మ పైకొస్తుంది. గొర్రెలు నీళ్లకి దిగేది కూడా అటే. నీటి అంచుకి కనీసం 200 అడుగుల ఎడంగా, కాస్త మెరకన, తూర్పున వేపో చింతో అడ్డున్న చోటు చూడండి. తూర్పు నీడ లేకపోతే ఎనిమిదింటికే టెంటు ఉడికిపోతుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. తాటిచెట్ల కింద మాత్రం వేయకండి. మట్టలు రాలతాయి, పైగా ఇది కల్లుగీత కాలం, తెల్లవారకముందే మనుషులొస్తారు.

నీటి అంచున పచ్చరంగు కలిపినట్టు తెట్టు కనిపిస్తే కుక్కని ఆ నీళ్లు ముట్టనివ్వకండి. కొన్ని రకాల నాచు విషం గంటల్లో ప్రాణం తీస్తుంది. తాగడానికి ఇంటి నుంచే నీళ్లు తీసుకెళ్లండి.

చివరగా, అడగడం. చెరువులో చేపల పాట (వేలం) ఎవరిదో, ఆ చుట్టుపక్కల భూమి ఎవరిదో తెలుసుకుని మాట తీసుకోండి. గొర్రెల కాపరి కనిపిస్తే, “బాబాయ్, మంద ఎన్నింటికి నీళ్లకొస్తుంది? ఇటు పాముల బెడద ఉందా?” అని అడగండి. ఆయనకి తెలిసినంతగా ఆ నేల మరొకరికి తెలియదు. మంద వచ్చే వేళకి కుక్క గొలుసు మీదే ఉండాలి.

వచ్చే పాఠంలోపు మీకు దగ్గర్లోని రెండు చెరువులకి సాయంత్రం వెళ్లి, ఎదుటి ఒడ్డున ఏం కనిపించిందో, ఏం వినిపించిందో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకునే రాత్రి కాపలా పాఠం మొదలుపెడదాం.