పిల్లలకు సాఫ్ట్‌బాల్ గ్లవ్ కొనేముందు

"పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దదే ఇవ్వండి" అని స్కూలు యూనిఫాం కొన్నట్టు సాఫ్ట్‌బాల్ గ్లవ్ కొనకండి. అనంతపురంలో మా పాపకు మొదటి గ్లవ్ కొన్నప్పుడు నేను చేసిన తప్పు అదే. 13 అంగుళాలది తెచ్చాను. బంతి లోపల పడేది, కానీ గ్లవ్ మూసేంత బలం చేతికి లేక జారిపోయేది. పాపం, తనకు ఆటే రాదనుకుంది.

పదేళ్ల లోపు పిల్లలకు 10 నుంచి 11.5 అంగుళాలు, ఆ పైవాళ్లకు 12.5 దాకా సరిపోతుంది. షాపులోనే తొడిగించి, ఆ ఒక్క చేత్తోనే మూయమనండి. మూతపడకపోతే వద్దు. కుడిచేత్తో విసిరే పిల్లలకు గ్లవ్ ఎడమచేతికి ఉండాలి, ఆర్డర్ పెట్టేటప్పుడు ఇక్కడే పొరబడతాం. బేస్‌బాల్ గ్లవ్ ఇస్తే తీసుకోకండి. ఆ బంతి చుట్టుకొలత సుమారు 9 అంగుళాలే, సాఫ్ట్‌బాల్‌ది 12. బేస్‌బాల్ గ్లవ్‌లో బంతి పట్టే గుంట సాఫ్ట్‌బాల్‌కు చాలదు.

కొత్త తోలు బిర్రుగా ఉంటే లోపల బంతి పెట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి రాత్రంతా ఉంచండి. చెమటకు తడిస్తే నీడలోనే ఆరనివ్వండి. మన ఎండల్లో మిద్దె మీద పెట్టారంటే తోలు పగిలిపోతుంది.