మద్యం వ్యసనంపై జన్యు పరిశోధన: ఇళ్లకు వెళ్లే ముందు జాగ్రత్తలు

దసరా నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్‌లో మద్యం వ్యసనంపై జన్యు పరిశోధనకు కుటుంబాలను చేర్చుకునేవాళ్లు మామూలుకంటే జాగ్రత్తగా ఉండాలి. పండక్కి తాగుడు పెరుగుతుంది. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేసేవాళ్లుంటారు. ఈ రెండో సంగతి ప్రాణం మీదికి కూడా తేవచ్చు.

రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి, తానెక్కడున్నదీ తెలియదు. అలాంటి మనిషి కనిపిస్తే ప్రశ్నలు ఆపేసి 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిలోగానీ, తాగి ఉన్నప్పుడుగానీ పెట్టించిన సంతకాన్ని సమ్మతి అనలేం. తేరుకున్నాక మళ్లీ మొదటి నుంచి చెప్పి అడగాలి.

మాలలో ఉన్న స్వామి 'ఇప్పుడు తాగట్లేదు' అంటే నిజమే. కానీ దీక్ష 41 రోజులు. మానసిక రోగాల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం కనీసం మూడు నెలలు లక్షణాలు లేకుంటేనే తొలిదశ ఉపశమనం అంటారు. అందుకే ఈ నెలతో ఆగకుండా గత ఏడాది గురించి, జీవితంలో అతి ఎక్కువగా తాగిన కాలం గురించి కూడా అడగాలి.

నా దృష్టిలో ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది కల్లు దగ్గర. 'మందు తాగుతారా?' అంటే లేదనే పెద్దమ్మ కల్లు రోజూ తాగుతూ ఉండొచ్చు. కల్లు, గుడుంబా, బీరు, బ్రాందీ విడివిడిగా అడగండి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు దొరికాయి. అవి మానినా వణుకు, ఫిట్స్ వస్తాయి. ఆ అలవాటును మద్యం ఖాతాలో రాసేస్తే, ఆ మనిషి జన్యువుల లెక్కంతా తప్పుతుంది.

బంధువులకు మనమే నేరుగా ఫోన్ చేయకూడదు, ముందు పేషెంట్ ద్వారా కబురు వెళ్లాలి. వ్యసన విముక్తి కేంద్రం బోర్డున్న బండి బస్తీలో వాళ్ల గుమ్మం ముందు ఆగకూడదు. ఆ ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తూ ఉండొచ్చు. భార్యను అత్త, భర్త లేని చోట అడగండి. ఆమె చెప్పింది అతని చెవిన పడితే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ ఆమెకు తెలియజేయండి.

వంశవృక్షం గీసేటప్పుడు మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు తప్పక అడగాలి. డీఎన్ఏలో ఎవరి తండ్రి ఎవరన్నది వేరుగా తేలినా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పబోమని సమ్మతి పత్రంలోనే రాయండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చని, తప్పుకున్నా వైద్యం ఆగదని నోటితో కూడా చెప్పాలి. ఆటో చార్జీలు ఇవ్వండి, అంతకుమించి డబ్బు ఆశ చూపొద్దు.

రక్తం ఇస్తూ తల్లులు 'మా పిల్లాడికీ వస్తుందా?' అని అడుగుతారు. ఈ ముప్పులో దాదాపు సగం వారసత్వానిదే, కానీ ఏ ఒక్క జన్యువూ దాన్ని తేల్చదు, మా పరీక్షతో మీ అబ్బాయి భవిష్యత్తు తెలియదు అని విడమరచి చెప్పండి. వాళ్లకు టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.