అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక వాన చూడండి

ఆషాఢంలో మాకు పని ఉండదు. తిరుపతిలో ఇళ్లూ స్థలాలూ చూపించి బతికేవాళ్లం ఈ నెలంతా టీ కొట్టు దగ్గరే ఉంటాం. శ్రావణం మొదలైందంటే మాత్రం ఊపిరి సలపదు. నెలంతా ఆగినవాళ్లు ఒక్కసారిగా వచ్చి పడతారు. "శుక్రవారం మంచిది సార్, ఆరోజే అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అంటారు. వాళ్లు స్థలం చూసి అప్పటికి మూడు రోజులు కూడా అయ్యుండదు.

కమిషన్ మీద బతికేవాణ్ణి, తొందరపడేవాళ్లు ఎక్కువైతే నాకే లాభం. అయినా చెప్తున్నాను. మన వైపు అసలు వాన శ్రావణంలో రాదు. అప్పుడు పడేవి సాయంత్రం ఉరిమి, గంటలో తేలిపోయే జల్లులు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే రెండు మూడు రోజులు ఆకాశానికి చిల్లు పడినట్టే. శ్రావణంలో ముచ్చటపడి కొన్న స్థలం సంగతి కార్తీకంలో గానీ బయటపడదు.

ఇది నాకు ఒక పెద్దాయన ఫోన్‌లో నేర్పిన పాఠం. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి. 2019 ఎండాకాలంలో ఊరి బయట ఒక చెరువు కింద వేసిన లేఅవుట్‌లో ఆయనకు స్థలం ఇప్పించాను. ఎర్రమట్టి తోలి చదును చేశారు, రోడ్లు వేశారు, హద్దురాళ్లకు తెల్ల సున్నం కొట్టారు. కాగితాలు కూడా బాగానే ఉన్నాయి. 2021 నవంబర్‌లో ఒక పొద్దున ఫోన్ చేశాడు. "సామీ, నువ్వు చూపించిన స్థలం ఏదీ? వచ్చి చూస్తే నాకు కనపళ్ళా." ఆయన తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధ. వెళ్లి చూస్తే మొల లోతు నీళ్లు. మట్టి తోలి పూడ్చేసిన చోట పాత వంక మళ్లీ పారుతోంది. ఆ వంక గ్రామ పటంలో ఉంది. నేను పటం తెరిచి చూడలేదు, అంతే.

ఆ నవంబర్ గుర్తున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. రాయలచెరువు కట్టకు గండి పడుతుందని భయపడి కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఏడాదంతా ఇసుక తప్ప నీళ్లు కనపడని స్వర్ణముఖి, తిరుచానూరు దగ్గర ఒడ్డును కోసేసి ఇల్లు కూల్చింది. అంతకు ముందు నెలలోనే ఊళ్లో రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో వాహనం ఇరుక్కుని యాత్రకు వచ్చిన అమ్మాయి ప్రాణం పోయింది. తిరుపతి వాలు చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. శేషాచలం మీద పడిన నీళ్లు కపిలతీర్థం లాంటి చోట్ల కిందికి దూకి, ఊరి మధ్యనుంచే దక్షిణంగా స్వర్ణముఖి వైపు పోవాలి. ఆ దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం.

కాబట్టి స్థలం చూడటానికి పోయినప్పుడు అమ్మేవాణ్ణి ఏమీ అడగకండి, నన్నూ అడగకండి. ఆ వీధిలో పాలుపోసే ఆయన్ని, ఇస్త్రీ బండి ఆమెను, మూలనున్న చిల్లర అంగడి మనిషిని అడగండి. "ఇక్కడ వాన నీళ్లు నిలుస్తాయా?" అంటే అందరూ లేదనే అంటారు. ఎవరికైనా తన వీధి మీద అభిమానం ఉంటుంది కదా. "2021 నవంబర్‌లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగి చూడండి. చెయ్యి ఆటోమేటిగ్గా మోకాలి దగ్గరికో నడుము దగ్గరికో పోతుంది.

కళ్లతో చూసేవీ ఉన్నాయి. పక్కిళ్ల గడపల ముందు ఇటుకలతో చిన్న గట్టు కట్టుకుని ఉంటే అది అందం కోసం కాదు. కాంపౌండ్ గోడ మీద ఒకే ఎత్తులో బురద చార ఉందేమో చూడండి. ఖాళీ స్థలంలో తుంగ మొలిచి ఉంటే అక్కడ చెమ్మ ఎక్కువకాలం నిలుస్తుందని అర్థం. పాత ఇల్లు కొనేటప్పుడు, గోడకు కింది మూడడుగులకే కొత్తగా రంగు వేసి ఉంటే బీరువా జరిపించి దాని వెనక చూడండి. సున్నం పొట్టులు లేచి ఉప్పు పేలినట్టు కనిపిస్తే చెమ్మ పాతదే. ఇలాంటి చోట బీరువా జరపమంటే ఓనర్ మొహం మారుతుంది, అది కూడా చూడాల్సిందే.

ఇంకొకటి, రోడ్డు ఎత్తు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేసుకుంటూ పోతారు కాబట్టి మన కాలనీల్లో రోడ్డు పెరుగుతూ ఉంటుంది, ఇల్లు పెరగదు. పదిహేనేళ్ల కిందటి ఇల్లు ఇప్పుడు రెండు మెట్లు దిగి పోయేట్టు ఉంటే, ఎంత మంచి ఇల్లైనా బేరం అక్కడే ఆపి ఆలోచించండి.

కొర్లగుంట, తుమ్మలగుంట, తాతయ్యగుంట, రేణిగుంట: మన ఊళ్ల పేర్లలోనే గుంటలున్నాయి. పేరులో గుంట ఉంటే మునుగుతుందని కాదు, నా సొంత మేనత్త గుంట పేరున్న వీధిలోనే నలభై ఏళ్లుగా పొడిగా ఉంది. కానీ పేరు వినగానే ఆ గుంట ఇప్పుడు ఎక్కడుంది అని ఒక ప్రశ్న పుట్టాలి. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) తీసుకుని మీ సర్వే నంబరు పక్కన వంక, కాలువ, చెరువు పోరంబోకు ఏవైనా ఉన్నాయా అని చూడండి. చెరువు దగ్గరైతే మొరవ (అలుగు) ఎటు పోతుందో కనుక్కోండి. చెరువు నిండినప్పుడు మొరవ నీళ్లు మీ వీధిలోనుంచి పోకూడదు. సర్వేయర్‌ని పిలిపించి కొలిపిస్తే అయ్యే ఖర్చు, మీరు గృహప్రవేశంలో భోజనాలకు పెట్టేదానికంటే తక్కువే.

కాగితాల సంగతికొస్తే, ఆషాఢంలో కొనరు సరే, కాగితాలు చూడటానికి ఆషాఢం అడ్డం కాదు. నిజానికి అందుకే ఆ నెల దేవుడిచ్చాడనుకోండి. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. అయితే ఈసీ శుభ్రంగా ఉందంటే ఆస్తి శుభ్రంగా ఉందని కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్, రిజిస్టర్ కాని వీలునామా ఈసీలో కనపడవు. కోర్టులో నడుస్తున్న దావా కూడా చాలాసార్లు కనపడదు. ఒరిజినల్ డాక్యుమెంట్లు చూపించమనండి. "బ్యాంకు లాకర్‌లో ఉన్నాయి సార్" అంటే లాకర్ దాకా కలిసి వెళ్లండి. లాకర్‌లో ఉన్నాయన్నవి ఒక్కోసారి అదే బ్యాంకులో తాకట్టులో ఉంటాయి.

మన ఊళ్లో అన్నిటికంటే పెద్ద భయం దేవుడి భూమి. టీటీడీవి, మఠాలవి, చిన్న చిన్న ఆలయాలవి ఊరి చుట్టూ ఎక్కడెక్కడో ఉన్నాయి. వాటి మీద ఇళ్లు లేచి, కరెంటు కనెక్షన్లు వచ్చి, ఇంటి పన్ను రసీదులు కూడా ఉంటాయి. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. సర్వే నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూడండి, నా మాట మీద వదిలేయకండి. డీకేటీ పట్టాల సంగతి కూడా అంతే. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఆ భూములను అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే పట్టాదారులకు హక్కులిస్తూ 2023లో సవరణ చేశారు. అప్పటినుంచి "డీకేటీ ఇప్పుడు అమ్ముకోవచ్చు సార్" అనే మాట ప్రతి టీ కొట్టులో వినిపిస్తోంది. పట్టా ఎవరి పేరున ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, 22-ఏ నుంచి తీసేశారా అనే మూడూ కాగితం మీద కనపడేదాకా జేబులోంచి చెయ్యి తీయకండి.

వారసత్వంగా వచ్చిన ఆస్తయితే ఆడపిల్లల సంతకాలు అడగండి. మన రాష్ట్రంలో 1985 నుంచే, దేశమంతా 2005 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఉంది. "చెల్లెలు మద్రాసులో ఉంది, ఏమీ అనదులే" అని అన్న అంటాడు. ఆ చెల్లెలు ఏమీ అనకపోవచ్చు, కానీ ఆమె సంతకం లేని డాక్యుమెంట్ మీద రేపు మీరు లోన్‌కు పోతే బ్యాంకు లాయరు అంటాడు.

లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, ఎల్పీ నంబరు, అంటే ఆ అనుమతి నంబరు, ఉందా అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్‌గానీ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కాకుండా అమ్మకానికి పెట్టకూడదు. అలాంటివి అమ్మిపెట్టే మాలాంటి ఏజెంట్లకూ నమోదు తప్పనిసరి. నన్ను నంబరు అడిగితే నేను ఏమీ అనుకోను. అనుకునే ఏజెంటు దగ్గర కొనకండి.

కొలత గురించి ఒక్క మాట. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణం అంటే 72. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ రేటు విని "చవగ్గా ఉందే" అని సంబరపడినవాళ్లను చూశాను. 1,440 చదరపు అడుగుల స్థలం అక్కడ 20 అంకణాలు, ఇక్కడ 40. అగ్రిమెంట్‌లో చదరపు అడుగులు కూడా రాయించండి, గొడవ ఉండదు.

డబ్బు దగ్గర మనవాళ్లు మొహమాటపడతారు. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందే 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. "ఈరోజు 30 శాతం కడితే రేటు తగ్గిస్తాం" అంటే తగ్గే రేటు సంగతి తర్వాత, ముందు ఆ రూలు చెప్పి చూడండి. స్థలానికి ఇచ్చే అడ్వాన్స్ 20,000 రూపాయలు, ఆపైన ఉంటే నగదుగా ఇచ్చిపుచ్చుకోకూడదు, చెక్కో బ్యాంకు బదిలీయో ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడికి ఇచ్చే డబ్బులోంచి పట్టుకునే పన్ను) కొనేవాడే కట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం దాకా అవుతుంది. లోన్‌లో ఇది రాదు. ఇంటి ధర చూసుకుని, ఇది చూసుకోక రిజిస్ట్రేషన్ ముందురోజు రాత్రి బావమరుదులకు ఫోన్లు చేసేవాళ్లు ప్రతి శ్రావణంలోనూ ఉంటారు. బ్యాంకు లోన్ ఇచ్చింది కదా, కాగితాలు కరెక్టే అనుకునేవాళ్లకు ఒక మాట: బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అని చూసుకుంటుంది, మీ ఇంట్లో నీళ్లొస్తాయా అని చూడదు.

ముహూర్తం శుక్రవారం పదిన్నరకు అంటే ఆఫీసులో అందరికీ అదే ముహూర్తం. సర్వర్ నెమ్మదిస్తుంది, టెన్షన్ పెరుగుతుంది, ఆ గోలలో ఎవరూ డాక్యుమెంట్ చదవరు. రెండు రోజుల ముందే డ్రాఫ్ట్ తెప్పించుకుని సర్వే నంబరు, చెక్కుబంది (నాలుగు వైపుల హద్దులు), కొలతలు వేలుపెట్టి చదవండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వచ్చింది కాబట్టి పాత డాక్యుమెంట్లలో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. దాన్ని తప్పనుకుని కంగారు పడకండి. కొత్తదాంట్లో మాత్రం సరిగా పడిందో లేదో చూసుకోండి.

ఇల్లు కొన్నాక ఏం మారుతుందో ఎవరూ ముందు చెప్పరు. తిరుపతిలో ఇల్లు కొంటే చుట్టాలందరికీ కాటేజీ కొన్నట్టే. దర్శనానికి వచ్చే పెదనాన్న కొడుకులు, వాళ్ల స్నేహితులు, గుండు చేయించుకున్న పిల్లలు, తెల్లారి మూడింటికి స్నానాలు. అందరూ బాల్కనీలోంచి కొండ కనపడుతుందా అని అడుగుతారు, రెండో బాత్రూం ఎక్కడ అని ఒక్కరూ అడగరు. నన్నడిగితే కొండ కంటే బాత్రూం ముఖ్యం. కొండ రోడ్డు మీదనుంచైనా కనపడుతుంది.

ఇప్పటికే ఇల్లున్నవాళ్లు సెప్టెంబర్ అయ్యేలోపు మిద్దె మీద నీళ్లు పోయే పైపుల్లో ఆకులు తీయించండి. ఇన్వర్టర్ నేల మీద ఉంటే ఎత్తు మీద పెట్టించండి. ఇంటి పత్రాలు ప్లాస్టిక్ కవర్లో వేసి పై అరలో పెట్టండి. సంపు విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 2021 నవంబర్‌లోనే శ్రీకృష్ణ నగర్‌లో సిమెంటు ఒరలతో భూమిలో దించిన నీళ్ల ట్యాంకు శుభ్రం చేస్తుండగా పైకి లేచి నిలబడింది. జనం దేవుడి మహిమ అన్నారు, వీడియోలు తిరిగాయి. మహిమ కాదు. భూగర్భ జలం నిండుగా పైకి వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకు పడవలాంటిది, కింద నీళ్లు దాన్ని తోసేస్తాయి. కాబట్టి భోరున వానలు పడుతున్న వారంలో సంపు ఖాళీ చేసి కడగొద్దు. కడగాలంటే వానలకు ముందే కడిగి నింపి పెట్టుకోండి.

నా విషయానికొస్తే, ఆ పెద్దాయన స్థలం తర్వాత నేనే ఒకాయనకు తక్కువకు అమ్మిపెట్టాను, అక్కడ నీళ్లొస్తాయని చెప్పే అమ్మాను. గోడౌన్ కట్టుకుంటానని, నాలుగడుగులు లేపి కట్టుకుంటానని తీసుకున్నాడు. పెద్దాయన దగ్గర కమిషన్ తీసుకోలేదు.

ఈసారి ఎవరికైనా స్థలం చూడాలనుంటే శ్రావణంలో ఒకసారి చూపిస్తాను. నచ్చితే, అక్టోబర్ తర్వాత పెద్ద వాన పడిన సాయంత్రం ఫోన్ చేయండి. అదే స్థలం మళ్లీ చూపిస్తాను. గొడుగు నేను తెస్తాను, మీరు పాత చెప్పులు వేసుకుని రండి.