చదరపు ప్యాడ్ చెప్పేది ఏమిటి: పీసీబీ డిజైన్‌లో ప్యాడ్ ఆకారాలు ఎంచుకునే పద్ధతి

పీసీబీని, అంటే ఎలక్ట్రానిక్ భాగాలు అమర్చే ముద్రిత సర్క్యూట్ బోర్డును తిరగేసి, చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నవారికి పైవైపు ముద్రించిన పేర్లు, చుక్కలు, గీతలు ఏవీ కనిపించవు. కనిపించేవి రాగి ప్యాడ్లు, అంటే భాగాల కాళ్లను (పిన్‌లను) సోల్డర్‌తో అతికే రాగి మచ్చలు మాత్రమే. ఆ వరుసలో ఒక్క ప్యాడ్ చదరంగా, మిగిలినవన్నీ గుండ్రంగా ఉంటే, ఒకటో పిన్ ఎక్కడుందో మళ్లీ బోర్డు తిప్పి చూడకుండానే తెలుస్తుంది. 7400 వంటి పద్నాలుగు పిన్‌ల లాజిక్ ఐసీని (చిప్‌ను) తీసుకోండి. అందులో 14వ పిన్‌కు సరఫరా, 7వ పిన్‌కు గ్రౌండ్ అందుతాయి. పైనుంచి చూస్తే పిన్‌ల వరుస గడియారపు ముల్లుకు ఎదురుగా సాగుతుంది, కిందనుంచి చూస్తే ముల్లు తిరిగే దిశలోనే సాగుతుంది. ఈ తేడాను మరిచి ఐసీని నూట ఎనభై డిగ్రీలు తిప్పి అమర్చితే 14వ పిన్ సరిగ్గా 7వ పిన్ స్థానంలోకి వెళ్లి, సరఫరా తలకిందులవుతుంది. చదరపు ప్యాడ్ ఉన్నది ఈ పొరపాటును ఆపడానికే.

ప్యాడ్‌కు రెండు పనులుంటాయి: సోల్డర్‌ను పట్టి ఉంచడం ఒకటి, చూసేవారికి ఆనవాలుగా నిలవడం రెండోది. రంధ్రంలోకి కాలు దిగే త్రూ-హోల్ భాగాల్లో సోల్డర్ రంధ్రం గోడను, కాలినీ పట్టుకుంటుంది కాబట్టి, పైన కనిపించే రాగి చదరమైనా గుండ్రమైనా అతుకు బలంలో పెద్ద తేడా రాదు. అందుకే అక్కడ ఆకారాన్ని ఆనవాలుగా వాడుకునే వెసులుబాటు ఉంది. ఉపరితలం మీద కూర్చునే ఎస్ఎండీ భాగాల్లో మాత్రం ఆకారమే సోల్డర్ నడతను నిర్ణయిస్తుంది కనుక, అక్కడ దాన్ని ఆనవాలు కోసం కదపకూడదన్నది నా అభిప్రాయం. కింద చెప్పేదంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఆకారం కన్నా ముందు కొలత తేల్చుకోవాలి. 2.54 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క పిన్‌ల మధ్య దూరం) ఉన్న సాధారణ పిన్ హెడర్‌ను, అంటే పిన్‌లు వరుసగా నిలబడి ఉండే కనెక్టర్‌ను చూద్దాం. దాని పిన్ అడ్డుకోత 0.64 మి.మీ. చదరం. ఆ అంకెను మాత్రమే చూసి 0.7 మి.మీ. డ్రిల్ పెట్టేవారు ఉంటారు గానీ, చదరపు పిన్ గుండ్రటి రంధ్రంలో దిగాలంటే లెక్కలోకి రావలసింది దాని కర్ణం, అంటే సుమారు 0.91 మి.మీ. కాబట్టి లోపలి గోడకు రాగి పూత పూసిన తరువాత మిగిలే రంధ్రం 1.0 మి.మీ. ఉండాలి. దాని చుట్టూ 1.7 మి.మీ. ప్యాడ్ గీస్తే, రంధ్రం అంచు నుంచి ప్యాడ్ అంచు వరకు 0.35 మి.మీ. రాగి వలయం మిగులుతుంది. డ్రిల్ కొద్దిగా పక్కకు జరిగినా అతుకు తెగకుండా కాపాడేది ఈ వలయమే. ఇప్పుడు ఒకటో పిన్‌కు అదే 1.7 మి.మీ. భుజంతో చదరం, మిగిలిన వాటికి అదే వ్యాసంతో వృత్తం ఇవ్వండి. చదరం మరీ పెద్దదిగా కనిపిస్తోందని భుజాన్ని తగ్గించకండి. తగ్గిస్తే భుజాల మధ్యభాగంలో వలయం పలుచబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వృత్తపు అంచు కేంద్రం నుంచి 0.85 మి.మీ. దూరంలో ఉంటే, అదే కొలత చదరపు మూల 1.20 మి.మీ. దూరానికి వెళుతుంది. రెండు ప్యాడ్ల మధ్యగా నేరుగా పోయే ట్రేస్‌కు (రాగి దారికి) దీనివల్ల ఇబ్బంది లేదు. నలభై ఐదు డిగ్రీల వంపుతో ఒకటో పిన్ మూలను రాసుకుంటూ పోయే ట్రేస్ మీద మాత్రం డిజైన్ నియమాల తనిఖీ ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు చదరాన్ని వృత్తంగా మార్చి తప్పించుకోవాలనిపిస్తుంది. అలా చేయకుండా ట్రేస్‌నే కాస్త జరపండి. ఎక్కడా చోటు లేకపోతే మూలలు గుండ్రంగా చేసిన చదరం పెట్టవచ్చు, అది కూడా వృత్తాల వరుసలో తేలిగ్గానే పోల్చుకునేలా ఉంటుంది.

మిగిలిన పిన్‌లకు వృత్తమా, కోలగా సాగిన ఆకారమా అన్నది సోల్డరింగ్ పద్ధతిని బట్టి ఉంటుంది. రెండు వరుసల కాళ్లుండే డిప్ ఐసీకి 0.8 మి.మీ. రంధ్రం, 1.6 మి.మీ. ప్యాడ్ సరిపోతాయి. పక్కపక్క ప్యాడ్ల మధ్య 0.94 మి.మీ. ఖాళీ మిగులుతుంది. చేత్తో సోల్డర్ చేసే బోర్డయితే ప్యాడ్‌ను వరుసకు అడ్డంగా 2.4 మి.మీ. వరకు సాగదీయండి. ఐరన్ మొన ఆనడానికి చోటు పెరుగుతుంది, పిన్‌ల మధ్య ఖాళీ తగ్గదు. రంధ్రాల్లో రాగి పూత లేని ఒంటివైపు బోర్డుల్లో ఇది సౌకర్యమే కాదు, అవసరం కూడా. అక్కడ ప్యాడ్‌ను పట్టి ఉంచేది కింది జిగురు ఒక్కటే కాబట్టి, చిన్న ప్యాడ్ రెండోసారి వేడి తగలగానే ఊడి వస్తుంది. ఇలా రెండు చివరలు అర్ధవృత్తాలుగా ఉండే ఆకారం, బోర్డు తయారీకి పంపే గెర్బర్ ఫైళ్లలో వృత్తం, దీర్ఘచతురస్రం, బహుభుజి పక్కన ప్రామాణిక అపర్చర్‌గానే (గీసే ఆకారంగానే) ఉంది. కాంతిని చక్రంలోని కంత గుండా ఫిల్మ్ మీద పడేసి ఒక్కో ప్యాడ్‌ను ముద్రించిన ఫొటోప్లాటర్ల కాలంలో ఆ చక్రంలో ఉన్న ఆకారాలతోనే డిజైనర్ సర్దుకోవలసి వచ్చేది. నేటి ప్యాడ్ ఆకారాల జాబితా ఇంత పొట్టిగా ఉండటంలో ఆ కాలపు జాడ కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ధ్రువత (ప్లస్, మైనస్ తేడా) ఉన్న రెండు కాళ్ల భాగాల దగ్గర. చదరం అంటే ప్లస్ అని చాలామంది మనసులో నాటుకుపోయి ఉంటుంది. అది తప్పు. చదరం అంటే ఒకటో పిన్, అంతే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో ఒకటో పిన్ పాజిటివ్ కాబట్టి అక్కడ చదరం ప్లస్ అవుతుంది. అదే కీక్యాడ్ అనే పీసీబీ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో డయోడ్‌కు, ఎల్ఈడీకి ఒకటో పిన్ క్యాథోడ్, కాబట్టి అక్కడ చదరం మైనస్ వైపు సూచిస్తుంది. నేను ఒకసారి సొంతంగా గీసుకున్న ఎల్ఈడీ ఫుట్‌ప్రింట్‌లో (ప్యాడ్ల అమరికలో) యానోడ్‌కు, అంటే ప్లస్ కాలికి చదరం పెట్టి, అదే బోర్డులో మరికొన్ని ఎల్ఈడీలకు వేరే లైబ్రరీ ఫుట్‌ప్రింట్ వాడాను. అన్నిటినీ చదరం చూసే అమర్చాను, సగం వెలిగాయి, సగం వెలగలేదు. అవి ఎల్ఈడీలు కాబట్టి తీసి తిప్పి పెడితే సరిపోయింది. వాటి స్థానంలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉండి ఉంటే అవి ఉబ్బి, వాటి పైమూత చీలి ఉండేది.

అందువల్ల ధ్రువత ఉన్న ప్రతి భాగానికీ ఒకటో పిన్ ఏదో ముందుగా రాసి పెట్టుకుని, కొత్త ఫుట్‌ప్రింట్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ముందు దాన్ని ఆ రాతతో సరిచూడండి. చదరాన్ని నమ్ముకుని ధ్రువత గుర్తును వదిలేయవద్దు. కెపాసిటర్ పక్కన ప్లస్ గుర్తు, డయోడ్ క్యాథోడ్ వైపు అడ్డగీత, ఎల్ఈడీ వలయంలో చదునైన అంచు సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీది ముద్రణ) మీద ఉండి తీరాలి. అవి కూడా భాగం అమర్చిన తరువాత దాని కింద దాగిపోని చోట ఉండాలి.

ట్రాన్సిస్టర్ల విషయంలో చదరం ఇంకా తక్కువ చెబుతుంది. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి చూస్తే 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్ వరుసగా వస్తాయి, బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండూ ఒకే ప్యాకేజీ, ఒకే ఫుట్‌ప్రింట్, చదరం కూడా ఒకే చోట. ఒకదాని బదులు మరొకటి వాడేటప్పుడు ఆధారపడవలసింది ప్యాడ్ మీద కాదు, డేటాషీట్ మీద. అలాంటి చోట ప్యాడ్ల పక్కన ఈ, బీ, సీ అక్షరాలు ముద్రించడం మంచి అలవాటు.

చదరం వద్దనవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. హెచ్చు వోల్టేజీ ఉండే ప్యాడ్ల మధ్య పదునైన మూల దూరాన్ని తగ్గించడమే కాక విద్యుత్ క్షేత్రాన్ని ఒకచోట పోగు చేస్తుంది, అక్కడ అన్నీ గుండ్రంగానే ఉంచి ఒకటో పిన్‌ను ముద్రణతో చూపించండి. కనెక్టర్ తొడుగును బిగించే కాళ్లకు, స్క్రూ రంధ్రాలకు, రాగి పొరలను కలిపే వయాలకు కూడా చదరం ఇవ్వకూడదు. ఇస్తే ఒకటో పిన్ ఏదన్న ప్రశ్నకు బోర్డు మీద రెండు జవాబులు కనిపిస్తాయి.

ఎస్ఎండీ భాగాల దగ్గర లెక్క మారుతుంది. ఒకటో పిన్‌ను చూపడానికి ఆ ఒక్క ప్యాడ్ ఆకారం మారిస్తే దాని మీద పడే సోల్డర్ పేస్ట్ పరిమాణమూ మారుతుంది. 0402 వంటి చిన్న రెసిస్టర్‌లో రెండు వైపులా సోల్డర్ ఒకేసారి కరగకపోయినా, ఒకవైపు లాగుడు ఎక్కువైనా భాగం ఒంటికాలి మీద లేచి నిలబడుతుంది. కాబట్టి ఎస్ఎండీ ఐసీలో ప్యాడ్లన్నీ ఒకే రకంగా ఉంచి, ఒకటో పిన్‌ను ఐసీ అంచుకు బయట పెట్టిన సిల్క్‌స్క్రీన్ చుక్కతో గుర్తించండి. ప్యాడ్ల కొలతలకు ఐపీసీ-7351 ప్రమాణం ఎక్కువ, మధ్యస్థ, తక్కువ రాగి అన్న మూడు స్థాయిలు ఇస్తుంది, ప్రత్యేక కారణం లేనంతవరకు మధ్యస్థం తీసుకుంటే చాలు.

ఎస్ఎండీ ప్యాడ్లకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది మూలలు గుండ్రంగా చేసిన దీర్ఘచతురస్రం. పేస్ట్‌ను అచ్చు వేసే స్టెన్సిల్ రేకు కంత మూలల్లో పేస్ట్ అంటుకుని ఉండిపోతుంది, మూల గుండ్రమైతే పేస్ట్ మరింత శుభ్రంగా విడిపడి బోర్డు మీద కూర్చుంటుంది. పొట్టి భుజంలో నాలుగో వంతు వ్యాసార్థంగా, 0.25 మి.మీ. మించకుండా తీసుకోవడం కీక్యాడ్ లైబ్రరీ పద్ధతి. 0603 రెసిస్టర్‌కు 0.8 × 0.95 మి.మీ. ప్యాడ్ వాడితే ఆ వ్యాసార్థం 0.2 మి.మీ. అవుతుంది.

కాళ్లు బయటికి రాని క్యూఎఫ్ఎన్ ఐసీ పొట్ట కింద ఉండే పెద్ద చదరాన్ని చూసి ఒకటో పిన్ అనుకోకండి, అది వేడిని కిందికి దించే ప్యాడ్. దాని నిండా పేస్ట్ పెడితే ఐసీ సోల్డర్ గుట్ట మీద తేలి పక్క పిన్‌లు సరిగా అంటుకోవు. రాగిని అలాగే ఉంచి పేస్ట్‌ను మాత్రం కిటికీలుగా విడదీయండి. 3 మి.మీ. చదరపు ప్యాడ్ మీద 1.2 మి.మీ. చదరాలు నాలుగు పెడితే ఇంచుమించు 64 శాతం పేస్ట్ పడుతుంది, అది సరైన మోతాదే. అడుగున సోల్డర్ గోళీలుండే బీజీఏ ఐసీల ప్యాడ్లన్నీ వృత్తాలే, ఏ1 (మొదటి గోళీ) మూలను కూడా ముద్రణే చూపాలి.

డిజైన్ ముగిశాక గెర్బర్ చూసే సాఫ్ట్‌వేర్‌లో సిల్క్‌స్క్రీన్ పొరలు ఆపేసి, కింది రాగిని, దానిపై సోల్డర్ మాస్క్‌ను (ప్యాడ్లు వదిలి రాగిని కప్పే పూతను) మాత్రమే ఉంచండి. ప్రతి త్రూ-హోల్ ఐసీకి, కనెక్టర్‌కు ఒకటో పిన్ ఏదో ఆ బొమ్మలోనే చూపగలగాలి. తరువాత పై పొరను అసలు కొలతతో కాగితం మీద అచ్చు తీసి, చేతిలో ఉన్న కనెక్టర్లను దాని మీద ఆనించి చూడండి.

ఈ దశలో రెండు వరుసల హెడర్లను కాస్త తీరిగ్గా చూడాలి. 2×5 హెడర్‌లో పిన్‌లు ఐసీలోలా చుట్టూ తిరగవు. ఒక వరుసలో బేసి సంఖ్యలు, ఎదుటి వరుసలో సరి సంఖ్యలు ఉంటాయి, కాబట్టి ఒకటో పిన్ ఎదురుగా ఉండేది రెండో పిన్. పైవైపు కోసం గీసిన ఈ ఫుట్‌ప్రింట్‌లో, పెట్టెలో ఇమడడం లేదని కనెక్టర్‌ను కిందివైపు నుంచి దూరిస్తే వరుసలు రెండూ తారుమారవుతాయి. కేబుల్‌లోని ఒకటో తీగ రెండో ప్యాడ్‌కు, మూడోది నాలుగో ప్యాడ్‌కు తగులుతాయి. కనెక్టర్‌ను ఎటు తిప్పినా అది సరికాదు, చదరపు ప్యాడ్‌ను చూసి అమర్చినా సరికాదు. అలాంటి అవసరం ఉంటే బోర్డు తయారీకి పంపకముందే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫుట్‌ప్రింట్‌ను కింది పొరకు తిప్పి, ట్రేస్‌లను మళ్లీ గీయాలి.