‘ఎ షాట్ ఇన్ ద డార్క్’ చూడబోయేవారికి ఒక నాటకాల మనిషి చెప్పే మాటలు

అన్నీ తలకిందులు చేసే ఫ్రెంచి పోలీసు ఇన్‌స్పెక్టర్ క్లూసో హాస్య సినిమాలు చూద్దామనుకునేవారు ముందుగా 1963 నాటి ‘ద పింక్ పాంథర్’ పెట్టుకుంటారు, వరసలో అదే మొదటిది కాబట్టి. నా మాట విని దాన్ని తర్వాతకు ఉంచండి. అందులో కథ నడిపేది డేవిడ్ నివెన్. పెద్దమనిషి వేషంలో తిరిగే నగల దొంగ ఆయన, ఒక రాకుమారి వజ్రం మీద కన్నేస్తాడు. క్లూసోకు దక్కింది, కట్టుకున్న భార్యే మోసం చేస్తున్నా కనిపెట్టలేని పోలీసు పాత్ర. ఆ వేషం పీటర్ ఉస్తినోవ్ వేయవలసింది. ఆయన తప్పుకుంటే పీటర్ సెల్లర్స్ వచ్చి, సినిమానంతా తన వైపు లాగేసుకున్నాడు. అయినా మంచుకొండల విడిదిలో పడకగదుల చుట్టూ తిరిగే ఆ కథ నిదానం. క్లూసో ఎలాంటివాడో తెలిశాక చూస్తే ఆ నిదానం భరించవచ్చు.

మొదలుపెట్టవలసింది 1964 నాటి ‘ఎ షాట్ ఇన్ ద డార్క్’తో. అమెరికాలో ఈ రెండు సినిమాలూ మూడు నెలల తేడాతో విడుదలయ్యాయి. ఇందులో వజ్రం లేదు, గులాబీ రంగు చిరుత బొమ్మ లేదు, ప్రపంచమంతటికీ తెలిసిన ఆ శాక్సఫోన్ బాణీ కూడా లేదు. హెన్రీ మాన్సినీ దీనికి వేరే సంగీతం కట్టాడు. ఎదురుచూసినవి కనబడలేదని మధ్యలో లేచిపోకండి.

దీని మీద నాకు పక్షపాతం ఉంది, దాచను. పరిషత్తు పోటీలకు నాటికలు తయారు చేస్తూ బతుకులో సగం గడిపినవాణ్ణి. ఈ సినిమా పుట్టింది నాటకంలోంచే. మార్సెల్ అషార్ ఫ్రెంచిలో రాసిన నాటకాన్ని హారీ కర్నిట్జ్ ఇంగ్లీషులోకి మలిస్తే, 1961లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడింది. అందులో క్లూసో లేనే లేడు, హత్య కేసు విచారించేది ఒక యువ మేజిస్ట్రేటు. సినిమాగా తీయబోయినప్పుడు పనులు సెల్లర్స్‌కు నచ్చలేదు. దర్శకుడు మారి, కథ బ్లేక్ ఎడ్వర్డ్స్ చేతికి వచ్చింది. ఆయన విలియం పీటర్ బ్లాటీతో కలిసి కూర్చుని, ఆ మేజిస్ట్రేటును తీసేసి క్లూసోను దింపాడు. ఈ బ్లాటీయే తర్వాత దడ పుట్టించే నవల ‘ది ఎక్సార్సిస్ట్’ రాశాడు. మూసి ఉన్న తలుపు వెనక ఏముందోనని జనాన్ని కూర్చోబెట్టే విద్య భయానికీ నవ్వుకూ ఒకటే కాబోలు.

ఇక చూసే పద్ధతి. ఫోనులో చూడవద్దు. ఇది వెడల్పు తెర కోసం తీసిన సినిమా, ఎడ్వర్డ్స్ ఆ వెడల్పు మొత్తాన్ని వాడుకున్నాడు. ఎడమ అంచున ఒకరు మాట్లాడుతుంటే కుడి అంచున క్లూసో దేన్నో పట్టుకుని అవస్థ పడుతుంటాడు. టీవీలో చిత్రం తెర నిండా సాగదీసి ఉంటే సెట్టింగు మార్చండి. పైనా కిందా నల్లపట్టీలు వస్తే రానివ్వండి. ఆ పట్టీలు నచ్చక బొమ్మను పెద్దది చేశారా, అంచుల్లో జరిగే హాస్యం కత్తిరించుకుపోతుంది. ఇంగ్లీషు ఉపశీర్షికలు వేసుకోండి కానీ వాటికే కళ్లప్పగించవద్దు. క్లూసో ఫ్రెంచి యాసను వికారంగా సాగదీసి మాట్లాడటం 1970ల సినిమాల్లో ముదిరింది. ఇక్కడ ఇంకా మితంగానే ఉంది. అందుకే ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి కూడా ఇదే మంచి ప్రవేశం.

మొదటి నిమిషం నుంచీ కూర్చోవాలి. వంటింట్లో పని చూసుకుని వస్తామంటే కుదరదు. రాత్రి వేళ, ధనవంతుడైన బాలన్ గారి భవంతిని బయటి నుంచి చూపిస్తారు. కిటికీల్లోంచి ఒకరు మెట్లెక్కుతూ, మరొకరు దిగుతూ, ఇంకొకరు పక్కగదిలోకి జారుకుంటూ కనిపిస్తారు. సంభాషణ లేదు, వెనక పాట ఒకటి వినిపిస్తుంటుంది. ఎవరు ఎవరి గదిలోకి వెళుతున్నారో లెక్క పెట్టుకోబోకండి, తల తిరుగుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏదో దాస్తున్నారన్న సంగతి తెలిస్తే చాలు. ఆపైన తుపాకీ పేలుతుంది. డ్రైవరు చనిపోతాడు, పనిమనిషి మరియా గాంబ్రెల్లి చేతిలో ఆయుధం దొరుకుతుంది. సాక్ష్యాలన్నీ ఆమెనే చూపిస్తుంటే, క్లూసో ఆమె అందం చూసి నిర్దోషి అని తీర్మానించేస్తాడు. మిగతా సినిమా అంతా ఆ తీర్మానాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన పడే పాట్లే. హంతకుడెవరో మీరు ఊహించనక్కరలేదు. ఊహించబోతే చివరి సన్నివేశం రుచి పోతుంది.

క్లూసో ఆ ఇంటికి వచ్చీ రాగానే కారు దిగి నేరుగా నీళ్ల తొట్టిలో పడతాడు. అందరూ పడటాన్ని చూసి నవ్వుతారు. మీరు మాత్రం, ఆయన పైకి లేచాక ఆ ముఖం చూడండి. సిగ్గు లేదు, కంగారు లేదు. న్యుమోనియా వస్తుందని ఎవరో జాలిపడితే, జీవితమన్నాక అన్నీ ఉంటాయన్న ధోరణిలో తత్వం చెబుతాడు. నా దృష్టిలో క్లూసో మొత్తం అక్కడే ఉన్నాడు. తాను మహా మేధావినన్న నమ్మకం ఒక్క క్షణమూ సడలదు. మనుషులు, గోడలు, ఫర్నిచరు అన్నీ కలిసి తన మీద కుట్ర పన్నినట్టే ఉంటుంది తప్ప, తప్పు తనదని ఆయనకు తట్టదు.

బిలియర్డ్స్ గది సన్నివేశం దగ్గర ఆగండి. దీన్ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా నవ్వుకోండి. బాలన్ ఆడుతుంటాడు, క్లూసో విచారణ చేస్తూ ఒక కర్ర అందుకుంటాడు, అది వంకర కర్ర. బల్ల మీది గుడ్డ చిరుగుతుంది. కర్రను స్టాండులో పెట్టబోతే మిగతావన్నీ కూలతాయి. కోపంగా వెళ్లిపోదామని తిరిగి గోడకు కొట్టుకుంటాడు. ఆ ఇల్లు కట్టిన వాస్తుశిల్పిని విచారించమని సలహా ఇచ్చి మరీ పోతాడు.

రెండోసారి శబ్దం తీసేసి, క్లూసోను వదిలేసి, బాలన్‌గా వేసిన జార్జ్ శాండర్స్‌ను మాత్రమే చూడండి. ఆయన దాదాపు ఏమీ చేయడు. తన ఖరీదైన గది ముక్కలవుతుంటే మర్యాద తెలిసిన గృహస్థుగా నిలబడి చూస్తాడు, అంతే. ఆయన ఒక్కసారి అరిచి ఉంటే సన్నివేశం చచ్చిపోయేది. మన హాస్య నాటికల్లో పక్కపాత్రలందరూ తామూ నవ్వించాలని కళ్లు తిప్పుతారు, నోళ్లు వెళ్లబెడతారు. వాళ్లకు ఈ సన్నివేశం చూపించడం కన్నా మంచి మందు నాకు దొరకలేదు.

గ్రాహం స్టార్క్ వేసిన సహాయకుడు హెర్క్యూల్‌నూ అలాగే చూడండి. వాస్తవాలే ముఖ్యమని క్లూసో ఆయనకు పాఠం చెబుతాడు. హెర్క్యూల్ ఆ వాస్తవాలను వరసగా అప్పజెప్పి, చేసింది మరియానే అని సరైన లెక్క తేలుస్తాడు. వెంటనే తిట్లు తింటాడు. చలించని ముఖంతో తల ఊపుతాడు.

పై అధికారి డ్రేఫస్ సంగతి వేరు. హెర్బర్ట్ లోమ్ వేసిన ఈ పాత్ర మొదట వచ్చింది ఈ సినిమాలోనే. తెలివైనవాడు, క్రమశిక్షణ గలవాడు, న్యాయంగా చూస్తే ఆయనదే పైచేయి కావాలి. క్లూసో పేరు వినపడేసరికి ఆయన చేతులే ఆయనకు శత్రువులవుతాయి. చుట్ట కొన కోసే చిన్న గిలటిన్‌తో సొంత బొటనవేలికే ఎసరు పెట్టుకుంటాడు. కన్ను అదరడం మొదలవుతుంది. ఆ అదురు ఎప్పుడు ఎక్కువవుతుందో గమనిస్తూ ఉండండి. సినిమాలో అసలు కథ క్లూసోది కాదు, డ్రేఫస్‌ది అనిపిస్తుంది నాకు.

మారువేషాల హాస్యం దగ్గర చాలామంది త్వరగా ముందుకు జరిపేస్తారు, చూసిందే మళ్లీ వస్తోందని. జరపవద్దు. క్లూసో బెలూన్లు అమ్మేవాడిగా వెళతాడు, లైసెన్సు లేదని పట్టుకుపోతారు. చిత్రకారుడిగా వెళతాడు, మళ్లీ అదే. ప్రతిసారీ పోలీసు వ్యాను పారిస్ వీధుల్లో మోత మోగించుకుంటూ పోతుంది. రెండోసారికి నవ్వు తగ్గినట్టుంటుంది. ఆ తర్వాత వ్యాను కనిపించబోతోందని ముందే తెలిసి నవ్వు వస్తుంది. దర్శకుడికి కావలసింది ఆ ముందస్తు నవ్వే.

ఇంటిల్లిపాదీ కలిసి చూసేవారికి ఒక హెచ్చరిక. సరదాకి బట్టల్లేకుండా గడిపేవారి శిబిరంలో విచారణ ఘట్టం ఒకటి ఉంది. గిటారు అడ్డం పెట్టుకుని క్లూసో తిరుగుతాడు. దేన్నీ నేరుగా చూపరు కానీ, పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూడటానికి కొందరు ఇబ్బంది పడతారు. క్లూసో ఇంటి పనివాడు కాటో చాటు నుంచి మీద పడే పోరాటాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. అప్రమత్తంగా ఉండటం కోసం తన మీద దాడి చేయమని క్లూసోయే పురమాయించాడు మరి. ఇంగ్లండ్‌లో పుట్టి షాంఘైలో పెరిగిన బర్ట్ క్వోక్ ఆ వేషాన్ని ఎంత క్రమశిక్షణతో చేశాడో చెప్పలేను. అయితే ఈ వరస సినిమాల్లో కాటో ఒంటి రంగును, జాతిని ఎత్తి క్లూసో అనే మాటలు ఇవాళ చెవికి గుచ్చుకుంటాయి. పిల్లలు పక్కన ఉంటే అవి తప్పు మాటలని అక్కడే చెప్పేయండి.

నాటకాలు వేసే కుర్రవాళ్లకు విడిగా ఒక సాధన చెబుతాను. ఒక స్టాండులో మూడు నాలుగు గొడుగులు పెట్టండి. నటుడు పెద్ద అధికారి, ఎదురుగా ఒక పెద్దమనిషి ఉన్నాడు. మాట్లాడుతూనే ఒక గొడుగు తీసి, చూసి, తిరిగి పెట్టాలి. ఇంతే పని. పడేయాలని చూడకూడదు, పెట్టాలనే చూడాలి. స్టాండు ఇరుకుగా ఉంటే గొడుగులు వాటంతట అవే సహాయం చేస్తాయి. పడ్డాక ప్రేక్షకుల వైపు చూసినవాణ్ణి మళ్లీ మొదటి నుంచి చేయించండి. ఎదుటి పెద్దమనిషి వేషం మీ బృందంలో అందరికన్నా మంచి నటుడికి ఇవ్వండి. మనిషే కింద పడే ఘట్టమైతే పరుపు వేయకుండా సాధన పెట్టవద్దు.

తెలుగులో ఇలాంటిది లేదా అంటే, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’ ఉంది, 1986లో వచ్చింది. చిరంజీవి వేసిన పాండురంగారావు తన పేరును జేమ్స్ పాండ్‌గా మార్చుకున్న డిటెక్టివు. అక్కడ నవ్వు ఎక్కువగా మాటలో పుడుతుంది, ఇక్కడ ఒంట్లో. వెంటవెంటనే చూస్తే రెండింటి పనితనమూ స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత ఏవి చూడాలంటారా? ఈ సినిమా అయ్యాక సెల్లర్స్, ఎడ్వర్డ్స్ ఇక కలిసి పనిచేసేది లేదని ఒట్టు పెట్టుకున్నంత పని చేశారు. 1968లో వేరే సినిమాకు కలిశారు, క్లూసో కోసం 1975 దాకా కలవలేదు. ఆ ఏడాది వచ్చిన ‘ద రిటర్న్ ఆఫ్ ద పింక్ పాంథర్’, మరుసటి ఏడాది ‘ద పింక్ పాంథర్ స్ట్రైక్స్ ఎగైన్’ ఆ వరసలోనే చూడండి. డ్రేఫస్ ఏ స్థితికి చేరాడో రెండోదాంట్లో తెలుస్తుంది. 1978 నాటిది ఓపిక ఉంటే చూడండి. 1968లో అలన్ ఆర్కిన్‌ను క్లూసోగా పెట్టి తీసినదాన్ని నేనైతే సిఫారసు చేయను. సెల్లర్స్ 1980 జులైలో పోయాడు. ఆయన పోయాక, వాడకుండా మిగిలిన ముక్కలను అతికి 1982లో ‘ట్రెయిల్ ఆఫ్ ద పింక్ పాంథర్’ విడుదల చేశారు. ఆయన భార్య కోర్టుకెక్కి గెలిచింది. దాని జోలికి పోకండి. స్టీవ్ మార్టిన్ క్లూసోగా వేసిన 2006, 2009 సినిమాల్లో రెండోదాంట్లో ఐశ్వర్యా రాయ్ ఉంది కాబట్టి ఇంట్లో పిల్లలు అక్కడి నుంచే మొదలుపెడదామంటారు. ముందు బిలియర్డ్స్ గది సన్నివేశం ఒక్కటి చూపించి, ఆపైన వాళ్లిష్టానికి వదిలేయండి.