యాడ్స్ మన వెంట పడకుండా, 3వ పాఠం: ఫోన్‌లో ఉన్న ఐడి, మనం చెప్పే నంబర్

పోయిన పాఠంలో బ్రౌజర్ పని అయిపోయింది, థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం చూస్తున్న సైట్ కాకుండా వేరే కంపెనీలు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్ళు, ఆపేశాం. ఇంకా చెయ్యనివాళ్ళుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కి వెళ్ళి అక్కడ థర్డ్ పార్టీ కుకీస్ బ్లాక్ చేసేసి వచ్చి ఇది చదవండి. సఫారీ 2020 నుంచీ, ఫైర్‌ఫాక్స్ 2019 నుంచీ ట్రాకర్ల కుకీల్ని వాటంతట అవే ఆపుతున్నాయి, గూగుల్ మాత్రం 2020లో మేమూ తీసేస్తాం అని చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024లో ఆ ఆలోచనే మానుకుంది. యాడ్స్ అమ్ముకునేవాళ్ళ చేతిలోనే బ్రౌజర్ కూడా ఉంటే ఇంతే మరి.

సరే, ఇవాళ ఫోన్. నిజానికి మనలో చాలామంది రోజు మొత్తంలో బ్రౌజర్ తెరిచేది తక్కువ, అంతా యాప్‌లలోనే. యాప్‌లకి ఈ కుకీల గొడవ లేదు, ఒక యాప్ దాచుకున్నది ఇంకో యాప్ చూడలేదు కూడా. మరి షాపింగ్ యాప్‌లో మిక్సీ చూస్తే క్రికెట్ స్కోర్ల యాప్‌లో మిక్సీ యాడ్ ఎలా వస్తోంది? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం పాఠం వచ్చేసినట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడ్వర్టైజింగ్ ఐడి అని ఒకటుంటుంది, ఐఫోన్‌లో కూడా అలాంటిదే ఉంది. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి నంబర్, 32 క్యారెక్టర్లు మధ్యలో నాలుగు గీతలు. అందులో మీ పేరుండదు, ఊరుండదు. కానీ ఫోన్‌లో ఏ యాప్ అడిగినా అదే నంబర్ వస్తుంది, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. షాపింగ్ యాప్ ఏం చేస్తుంది, ఫలానా నంబర్‌వాళ్ళు మిక్సీ చూశారు అని యాడ్ కంపెనీకి చెప్తుంది. స్కోర్ల యాప్ అదే కంపెనీకి, ఫలానా నంబర్‌వాళ్ళు ఇప్పుడు నా యాప్ తెరిచారు, యాడ్‌కి జాగా ఉంది, ఎవరైనా కొంటారా అంటుంది. అక్కడికక్కడే వేలం జరిగిపోతుంది, రెప్పపాటులో, పేజీ లోడయ్యేలోపే. ఆ వేలంలో పాడేవాళ్ళందరికీ మీ ఐడి, ఫోన్ మోడల్, చాలాసార్లు మీరెక్కడున్నారో కూడా వెళ్తుంది, పాట గెలిచేది ఒక్కళ్ళే అయినా వివరాలు చూసేది అందరూ. నాకైతే యాడ్ కనపడటం కంటే ఈ ముక్కే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

ఇది ఏ పెద్ద పెద్ద యాప్‌ల సంగతో అనుకోకండి. అమెరికాలో బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అని ఒక ఫ్రీ టార్చ్ యాప్ ఉండేది, కోట్లమంది వేసుకున్నారు. టార్చ్ వెలిగించడానికి లొకేషన్ ఎందుకు చెప్పండి? అది యూజర్ల లొకేషన్‌నీ డివైస్ ఐడినీ యాడ్ నెట్‌వర్క్‌లకి పంపుతోందని అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో కేసు పెట్టింది. ఇంకా తమాషా ఏంటంటే షరతులకి ఒప్పుకుంటారా లేదా అని స్క్రీన్ మీద అడుగుతూ, మీరు ఏదో ఒకటి నొక్కే లోపలే డేటా పంపేసేదట.

ఇప్పుడు ఫోన్ తియ్యండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఆల్ సర్వీసెస్, అందులో యాడ్స్. ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెడుతుంది కాబట్టి దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో యాడ్స్ అని కొట్టండి. అక్కడ రీసెట్ అనీ డిలీట్ అనీ రెండు ఆప్షన్లు కనపడతాయి. రీసెట్ చేస్తే పాత నంబర్ పోయి కొత్త నంబర్ వస్తుంది, దానివల్ల పెద్ద లాభం లేదు, మీరు అదే మెయిల్‌తో లాగిన్ అయి ఉన్న యాప్‌కి పాత నంబర్ మనిషీ కొత్త నంబర్ మనిషీ ఒక్కరేనని తెలిసిపోతుంది. డిలీట్ నొక్కండి. ఆ తర్వాత ఏ యాప్ అడిగినా వరసగా సున్నాలే వస్తాయి, డిలీట్ కొట్టినవాళ్ళందరివీ అవే సున్నాలు కాబట్టి ఎవరు ఎవరో తేల్చడానికి అది పనికిరాదు.

ఐఫోన్‌లో ఇంకా సులువు. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చినప్పట్నుంచీ ట్రాక్ చెయ్యాలంటే యాప్ ముందు మిమ్మల్ని అడగాల్సిందే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ట్రాకింగ్, అక్కడ అలౌ యాప్స్ టు రిక్వెస్ట్ టు ట్రాక్ ఆఫ్ చేసేస్తే ఇక అడగడం కూడా ఉండదు. వెనక్కి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీకి వచ్చి కిందకి వెళ్తే ఆపిల్ సొంత యాడ్స్ సంగతి విడిగా ఉంటుంది, దాన్నీ ఆఫ్ చెయ్యండి, చాలామంది అక్కడిదాకా వెళ్ళరు.

ఇదంతా చేశాక యాడ్స్ తగ్గలేదేంటి అని అడుగుతారు, తగ్గవు. అన్నే వస్తాయి, కాకపోతే మీకు సంబంధం లేనివి ఎక్కువ వస్తాయి. ట్రాక్టర్ టైర్ల యాడ్ వచ్చిందంటే సంతోషించండి, మీ గురించి అవతలోడికి అంతుపట్టట్లేదని అర్థం. యాడ్స్‌నే ఆపడం వేరే పని, దాని పాఠం వేరే ఉంది.

ఇక రెండో ఐడి, దీన్ని ఏ సెట్టింగ్‌లోనూ డిలీట్ చెయ్యలేం. అది మన మొబైల్ నంబర్. బట్టల షాప్‌లో బిల్ కౌంటర్ దగ్గర నంబర్ చెప్పండి సార్ అంటారు, మనం ఆలోచించకుండా పది అంకెలూ గడగడా చెప్పేస్తాం. ఆ షాప్ కావాలనుకుంటే తన కస్టమర్ల నంబర్ల లిస్ట్‌ని ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ఎక్కించి, వీళ్ళకే నా యాడ్ చూపించు అనొచ్చు, అది వాళ్ళు బాహాటంగా ఇచ్చే సర్వీసే. నంబర్లని అలాగే పంపరు, హ్యాష్ అనే గుర్తులోకి మార్చి పంపుతాం, భయం లేదు అంటారు. కానీ ఒక నంబర్‌ని ఎక్కడ మార్చినా అదే గుర్తు వస్తుంది, అలా వస్తేనే కదా రెండు లిస్టులూ కలిసేది. పైగా పది అంకెల నంబర్లు ఎన్ని ఉంటాయి గనక, కంప్యూటర్‌కి అన్నిటినీ మార్చి చూసుకోవడం పెద్ద పనేం కాదు. కాబట్టి నంబర్ లేకుండా బిల్ వేయండి అనండి. నంబర్ ఇవ్వకపోతే బిల్ వెయ్యం అనకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే షాపులవాళ్ళకి చెప్పింది, కౌంటర్లో కుర్రాడు సిస్టమ్ ఒప్పుకోదు సార్ అంటే ఆ మాట గుర్తుచెయ్యండి, అతని మీద మాత్రం అరవకండి పాపం.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ మీద గురిపెట్టి యాడ్స్ చూపించకూడదంటుంది. బానే ఉంది, కానీ బుడ్డోడు గేమ్ ఆడేది అమ్మ ఫోన్‌లో, అమ్మ అకౌంట్‌తో, అవతలోడికి కనపడేది అమ్మే.

ఫోన్ మన మాటలు వింటోందా అనేది ప్రతిసారీ వచ్చే ప్రశ్న, తొందరగా చెప్పేస్తా. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లని పరీక్షించారు, దొంగచాటుగా మైక్ ఆన్ చేసి ఆడియో పంపుతున్నట్టు ఒక్కదాంట్లోనూ దొరకలేదు. కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద మనం చేసేది రికార్డ్ చేసి పంపుతున్నట్టు మాత్రం దొరికింది! మాట్లాడుకున్న వస్తువే యాడ్‌గా వచ్చిందంటే ఎదుటి మనిషి దాన్ని ఎప్పుడో సెర్చ్ చేసి ఉండొచ్చు, ఇద్దరూ ఒకే వైఫైలో ఉంటే మీకూ అదే కావాలేమో అని యాడ్ కంపెనీ అనుకుని ఉండొచ్చు. వినకుండానే ఇంత పట్టగలుగుతున్నప్పుడు విని చచ్చే అవసరం వాళ్ళకేంటి?

హోమ్‌వర్క్. ఐడి డిలీట్ చేశారు కదా, ఇప్పుడు పర్మిషన్ మేనేజర్‌లో లొకేషన్ తెరిచి, ఎప్పుడూ అలౌ అని ఉన్న యాప్‌లు చూడండి. మ్యాప్స్, క్యాబ్ లాంటివాటికి వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టండి. వాతావరణం యాప్‌కి మీ వీధి తెలియక్కర్లేదు, ఊరు తెలిస్తే చాలు, ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రిసైజ్ లొకేషన్ అనే బటన్ ఉంటుంది, అది ఆపేయండి. టార్చ్, కీబోర్డ్, వాల్‌పేపర్ యాప్‌లు లొకేషన్ అడుగుతుంటే పర్మిషన్ కాదు, యాప్‌నే తీసేయండి. తర్వాత గూగుల్ అకౌంట్‌లో మై యాడ్ సెంటర్ తెరిచి మీ గురించి ఏమేం అనుకుంటోందో చదవండి, వయసు, పెళ్ళయిందా లేదా, ఇల్లు సొంతమా అద్దెనా, కొన్ని నవ్వొచ్చేంత తప్పుగా ఉంటాయి. చదివాక పర్సనలైజ్డ్ యాడ్స్ ఆఫ్ చెయ్యండి.

వచ్చే పాఠం యాడ్స్‌నే రాకుండా ఆపడం గురించి. దానికి ప్రైవేట్ డిఎన్ఎస్ అనే ఆప్షన్ కావాలి, అంటే సైట్ల పేర్లని బట్టి వాటి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని మనమే ఎంచుకునే చోటు, ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది, సెట్టింగ్స్ సెర్చ్‌లో కొట్టి మీ ఫోన్‌లో ఎక్కడుందో చూసిపెట్టుకోండి. అందులో ఏమీ మార్చకండి ఇంకా, తప్పు అడ్రస్ పెడితే నెట్ మొత్తం ఆగిపోతుంది.