ప్రార్థనలో మనసు చెదిరితే: ఆటగాళ్ల దగ్గర నేర్చుకోవలసిన సాధన

మోకరించి రెండు నిమిషాలు కాకముందే మనసు కరెంటు బిల్లు మీదికో పిల్లల ఫీజు మీదికో పోతుంది. దీన్ని విశ్వాసం లేకపోవడం అనుకుని కుమిలిపోయేవాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. మంచి బ్యాటర్ మనసు కూడా చెదురుతుంది. బౌలర్ పరుగు మొదలుపెట్టేలోపు దాన్ని వెనక్కి తెచ్చుకోవడం అతను నేర్చుకున్న విద్య. ప్రార్థనలోనూ సాధన చేయవలసింది ఆ తిరిగి రావడాన్నే. అసలు చెదరకుండా కూర్చుంటానని పట్టుబట్టినవాళ్లే ముందుగా విసిగి మానేస్తారు.

గురి ముందురోజే పెట్టుకోండి

కొరింథుకు దగ్గరలోని ఇస్త్మియాలో రెండేళ్లకోసారి పెద్ద పోటీలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది వాడిపోయే ఆకుల కిరీటం. అందుకే పౌలు మొదటి కొరింథీ 9లో పందెం గురించీ, క్షయమగు కిరీటం గురించీ రాస్తే ఆ ఊరివాళ్లకు విడమరిచి చెప్పే పని లేకపోయింది. "గాలిని కొట్టినట్టు నేను పోట్లాడుట లేదు" అంటాడాయన. గురి లేని శ్రమ ఎంత చేసినా ఒంటికి అలుపే మిగులుతుంది.

"రేపు ప్రార్థన చేసుకుంటాను" అంటే గురి పెట్టినట్టు కాదు. "రేపు ఐదున్నరకు, వంటగది పక్క కుర్చీలో, 23వ కీర్తన మొదటి మూడు వచనాలు, తర్వాత ముగ్గురి కోసం విజ్ఞాపన" అంటే గురి. ఆ ముగ్గురి పేర్లూ రాత్రే కాగితం మీద రాసి బైబిల్లో పెట్టండి. ఏం చదవాలా అని పొద్దున్నే వెతుక్కునే ఆ రెండు నిమిషాల్లోనే చెయ్యి ఫోను మీదికి పోతుంది.

ఫోను వేరే గదిలో ఉండాలి. హెబ్రీ 12:1 పాపాన్ని మాత్రమే కాదు, "ప్రతి భారమును" కూడా విడిచిపెట్టమంటుంది. క్రికెట్ స్కోరు పాపం కాదు, బంధువుల గ్రూపులో వచ్చే శుభోదయ వాక్యం అంతకన్నా కాదు. అయినా పరుగెత్తేటప్పుడు అవి మోత బరువే. ఫోనులో తప్ప బైబిలు లేకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరవండి.

ఎంతసేపు, ఎలా

మొదటి వారం 7 నిమిషాలు చాలు. రెండో వారం 10, తర్వాత 12, 15, 17 చొప్పున పెంచితే ఆరో వారానికి 20 అవుతుంది. తొలిరోజే గంట కూర్చోవడం, శిక్షణ లేని కాళ్లతో పది కిలోమీటర్లు పరుగెత్తడం లాంటిది. మూడో రోజుకు ఒళ్లు మొరాయిస్తుంది.

నాలుగో వారంలోని 15 నిమిషాలను ఇలా పంచుకోవచ్చు. మొదటి 2 నిమిషాలు వెన్ను నిటారుగా పెట్టి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ 46వ కీర్తనలోని "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న మాట పలకండి. తర్వాతి 5 నిమిషాలు వాక్యానికి. పది వచనాలు మించకుండా, పెదవులు కదిలేలా పైకి చదవండి. కళ్లతో మాత్రమే చదివితే మనసు పక్కకు జారుకోవడం సులువు. రెండోసారి చదివేటప్పుడు ఏ మాట పట్టుకుంటే అక్కడ ఆగిపోండి, మిగతాది రేపు చదవవచ్చు. తర్వాతి 6 నిమిషాలు ఆ మాటనే ప్రార్థనగా మార్చి మాట్లాడండి, రాసుకున్న పేర్లు కూడా అందులోనే. చివరి 2 నిమిషాలు మౌనం, ఒక్క వాక్యం రాసుకోవడం. చదువుతూ నిద్ర వస్తుంటే లేచి నడుస్తూ చదవండి. మోకాళ్ల మీదే ఉండాలన్న నియమమేమీ లేదు.

చెదిరినప్పుడు

పక్కన పెన్సిలు ఉంచుకోండి. మనసు పోయిందని తెలిసిన క్షణంలో అది పోయిన చోటును ఒక్క మాటలో రాయండి: ఫీజు, అత్తయ్య, ఆఫీసు. ఊపిరి పూర్తిగా వదలండి. వెంటనే ఒక చిన్న వచనంతో తిరిగి రండి. దీనికి 70వ కీర్తన మొదటి వచనాన్ని మించినది మాకు కనిపించలేదు: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము". ఐగుప్తు అరణ్యంలోని సన్యాసులు ఇదే వచనాన్ని పదేపదే పలికేవారని 5వ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి రాశాడు. ఏ వచనం ఎంచుకున్నా కనీసం నెల రోజులు మార్చకండి. అలవాటైన మాటే అవసరానికి నోటికొస్తుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు తమను తాము తిట్టుకోవడం. "ఛీ, దేవుని ముందు కూడా ఇదేనా" అనుకోవడం మొదటి చెదురు మీద రెండో చెదురు. 1954లో వాంకూవర్ మైలు పందెంలో చివరి మలుపు దాకా జాన్ లాండీదే ముందంజ. ప్రత్యర్థి ఎక్కడున్నాడో చూడాలని ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో రోజర్ బానిస్టర్ కుడివైపు నుంచి దాటేశాడు. బానిస్టర్‌కు 3 నిమిషాల 58.8 సెకన్లు, లాండీకి 3 నిమిషాల 59.6. "వెనుక ఉన్నవి మరచి" అని ఫిలిప్పీ 3లో పౌలు చెప్పిన మాటను జ్ఞాపకం ఉంచుకోవడానికి ఈ పందెం మంచి ఆనవాలు. నిమిషం క్రితం చెదిరిన మనసు కూడా వెనుక ఉన్నదే.

మిగతా రోజంతా

2001లో కోల్‌కతా టెస్టులో లక్ష్మణ్, ద్రావిడ్ నాలుగో రోజంతా ఔట్ కాకుండా ఆడి, ఆ ఒక్క రోజే 335 పరుగులు జోడించారు. రోజంతా ఒకే బిగువుతో ఎవరూ ఉండలేరు. బ్యాటర్లు బంతికీ బంతికీ మధ్య సడలించుకుంటారు, బంతి వచ్చే వేళకు మళ్లీ కూడగట్టుకుంటారు. విశ్వాసికీ అలాంటి విరామాలు కావాలి. రోజులో మూడు చోట్లు ఎంచుకోండి: బండి తాళం తీసేముందు, ల్యాప్‌టాప్ తెరిచేముందు, భోజనానికి కూర్చునేముందు. ప్రతిచోటా ఒక ఊపిరి, పొద్దున పలికిన అదే వచనం. అరనిమిషం చాలు. విలువిద్యలో ఒకరి తర్వాత ఒకరు వేసే పోటీల్లో ఒక్కో బాణానికి 20 సెకన్లే ఇస్తారు, ఆ కాస్తలోనే విలుకాడు పోయిన బాణాన్ని వదిలేసి కొత్తదానికి సిద్ధపడతాడు. పరీక్షలు రాసే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. ఒక ప్రశ్న పాడైతే పెన్ను కిందపెట్టి, ఊపిరి వదిలి, వచనం తలుచుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లమనండి.

ఇంకొకటి, నిర్ణయాలు ముందే తీసుకోండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారం పడ్డాయి. ఆదివారం దేవుని దినమని ఆ రోజు పరుగెత్తని స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆ సంగతి నెలల ముందే తెలుసుకుని, ఆ పోటీ వదులుకుని 400 మీటర్లకు సిద్ధమయ్యాడు, 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. పారిస్‌కు చేరాక ఊగిసలాట లేదు. మీరు కూడా ఆదివారం షిఫ్టు గురించో, ఉదయపు వేళకు అడ్డొచ్చే ట్యూషన్ గురించో ముందే తేల్చుకుంటే రోజూ మనసులో వాదించుకునే బాధ తప్పుతుంది.

ఉపవాసంతో కలిపి చేయాలనుకునే మధుమేహ రోగులు ముందు డాక్టరును అడగండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా, ఆ కష్టాన్ని ప్రార్థన లోపం కింద జమకట్టకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రార్థన ఆపనక్కర్లేదు.

శనివారం రాత్రి, వారమంతా పెన్సిలుతో రాసిన మాటలు ఒకసారి చూడండి. ఒకే మాట మూడుసార్లు కనబడితే దాన్ని వచ్చే వారం విజ్ఞాపన కాగితంలో మొదటి వరుసలో రాయండి. ప్రార్థనలోంచి లాక్కుపోతున్న సంగతినే ప్రార్థనలోకి తెస్తే, అది మధ్యలో తలుపు తట్టడం చాలావరకు తగ్గుతుంది.